గిడ్డయ్య పైకి పోయే తేదీ

ఆ సోమవారం పొద్దున గిడ్డయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు పత్తికొండ నుంచి కర్నూలు పోవాలి, గుండె డాక్టరు చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి, సాయంత్రం డ్యూటీ వేళకు తిరిగొచ్చేయాలి. మూడూ అనుకున్నట్టే జరిగాయి. కష్టమంతా అక్కడి నుంచే మొదలైంది.

గిడ్డయ్యకు నలభై తొమ్మిదేళ్ళు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఇరవై ఆరేళ్ళుగా పత్తికొండ చుట్టుపక్కల స్తంభాలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. నల్లగా, సన్నగా, ఎండిన కందికట్టెలా ఉంటాడు. ముఖం మాత్రం పుట్టుకతోనే దిగులు ముఖం. పెళ్ళి ఫోటోలో కూడా ఎవరినో సాగనంపి వచ్చినవాడిలా ఉన్నాడని భార్య ఈరక్క ఇప్పటికీ దెప్పుతుంది.

పోయిన చలికాలం సబ్‌స్టేషన్‌లో కూర్చుని ఫోన్ చూస్తుంటే అతని కంట ఒక వీడియో పడింది. లద్దాఖ్‌లో ఆరువేల మీటర్లకు పైనున్న ఒక మంచు శిఖరం. కొత్తవాళ్ళను కూడా గైడ్లు నడుముకు తాళ్ళు కట్టి ఎక్కిస్తారట. వీడియో చివర ఒక మనిషి శిఖరం మీద ఊరికే నిలబడి ఉన్నాడు. ఆ ఊరికే నిలబడటం గిడ్డయ్య మనసులో పడిపోయింది. తాను ఎక్కిన ప్రతి స్తంభం మీదా ఏదో ఒకటి కాలిపోయో తెగిపోయో ఉండేది. కింద నలుగురు చేరి తిడుతూ ఉండేవారు. బాగు చేయాల్సింది ఏదీ లేని ఎత్తుకు బతుకులో ఒక్కసారి ఎక్కి రావాలనిపించింది.

కొండ ఎక్కించే కంపెనీవాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళు అడిగినట్టే మార్కెట్ యార్డు చుట్టూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వీడియో పంపాడు. సంచిలో ఇసుక నింపి వీపున కట్టుకుని, రెండు ఆదివారాలు అహోబిలం పోయి కొండ కొసనున్న ఉక్కుస్తంభం దాకా ఎక్కి దిగాడు. జులై పదో తేదీన బయలుదేరే జట్టులో అతనికి చోటు దొరికింది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. జూన్ సగమైనా చినుకు రాలలేదు, కొనేవాళ్ళు లేక రైతులు టమోటాలు రోడ్డు పక్కన పారబోస్తున్నారు. అలాంటి ఊళ్ళో మంచుకొండ ఎక్కబోతున్నానని చెప్పుకోవడం అతనికి సిగ్గనిపించింది.

ఈరక్కకు మాత్రం చెప్పక తప్పలేదు. ఆమె మొదట నమ్మలేదు. నమ్మిన తర్వాత మాట్లాడటం మానేసింది. గిడ్డయ్య కర్నూలు బస్సెక్కిన పొద్దునే ఆమె కూడా మూట సర్దుకుని, కూతురు శివకుమారి కాన్పు కోసం వేంపల్లెకు బయలుదేరింది. పక్కింటి నన్నీ బీ వాకిలి ఊడుస్తూ పలకరించింది.

"ఏమక్కా, బిడ్డ కాన్పుకు పోతాండావా? అన్న రాడా?"

"ఆయప్పకు యాడ తీరుతాది? వచ్చే నెల పదో తేదీ ఆయప్ప పైకి పోతాండాడు. ఈ పొద్దు డాక్టరు గూడా సరే అంటే ఖాయమంట."

"యా అల్లా! పైకా?"

"పైకే. చెప్పి చెప్పి నా నోరు పడిపాయె. పోయేటోన్ని పట్టుకోని ఆపగల్నా? పోనీ."

ఈరక్క ఆటో ఎక్కేసింది. నన్నీ బీ చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది. ఈరక్క ఒక్క 'కొండ' అన్న మాట వాడి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ కోపంలో ఉన్నవాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. కూతురి కాన్పు వంకతో ఈరక్క వెళ్ళిపోయింది గానీ, మొగుడి అవస్థ కళ్ళారా చూడలేకే పోయిందని నన్నీ బీకి తోచింది. మధ్యాహ్నానికి వీధిలో ఆడవాళ్ళందరికీ అదే తోచింది.

అక్కడ కర్నూలులో డాక్టరు గిడ్డయ్యను కదిలే పట్టా మీద పరుగెత్తించి, ఈసీజీ తీసి, "ఈ వయసులో ఇలాంటి గుండె అరుదు" అంటూ సంతకం పెట్టాడు. ఫైలు చంకన పెట్టుకుని బయటికి వస్తుంటే, ఎవరో చుట్టాన్ని చూడటానికి వచ్చిన జయరాజ్ ఎదురుపడ్డాడు. అతనూ పత్తికొండలోనే లైన్‌మన్. మంచివాడే గానీ ఎగతాళి మనిషి.

"ఏమన్నా, నువ్వు ఈడ ఉండావు? ఇది గుండె డాక్టరు రూము గదా!"

"చూపించుకుందామని వచ్చినాప్పా."

"ఏమనె డాక్టరు?"

గిడ్డయ్య అటూ ఇటూ చూశాడు. చెబితే ఆఫీసంతా నవ్వుతుంది. "ఇంగ అనేదేమీ లేదు. వచ్చే నెల పదో తేదీ దాకా టైముండాది. ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

"పదో తేదీ ఏమైతాదన్నా?"

గిడ్డయ్య కళ్ళెత్తి పైకి చూశాడు. జయరాజ్ కూడా పైకి చూశాడు. అక్కడ ఒక ఫ్యాను ఉంది. అది తిరగడం లేదు.

మరుసటి రోజు నుంచి గిడ్డయ్య పట్ల లోకం తీరు మారిపోయింది. పై అధికారి ఏఈ లోపలికి పిలిచి, "గిడ్డయ్యా, ఇకనుంచి నువ్వు స్తంభాలు ఎక్కొద్దు. ఫోన్ దగ్గర కూర్చో చాలు" అన్నాడు.

"మీకు తెలిసిపాయెనా సార్?"

"తెలిసింది. ధైర్యంగా ఉండు."

"నాకేం భయం లేదు సార్. ఎప్పటి నుంచో పోవల్లనే ఉండె."

ఏఈ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గిడ్డయ్య బయటికి వచ్చి, జయరాజ్ నోట్లో మాట దాగలేదని అర్థం చేసుకున్నాడు. అయితే ఎవరూ నవ్వలేదు సరికదా, తనను చూసి అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. కరెంటు పోయిందని ఫోన్ చేసి అమ్మనాయనలను ఎత్తి తిట్టేవాళ్ళు, ఎత్తింది గిడ్డయ్య అని తెలియగానే, "సరేలేప్పా, వచ్చినప్పుడే రానీ" అని పెట్టేస్తున్నారు. కొండ ఎక్కేవాడికి మనుషులు ఇంత మర్యాద చేస్తారని అతనికి తెలియదు. తెలిసి ఉంటే ఎప్పుడో ఎక్కేవాడు.

నన్నీ బీ రోజూ మధ్యాహ్నం గిన్నెడు మాంసం షోర్వా తెచ్చి అరుగు మీద పెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అన్నా, నీకు భయం లేదా?"

"మొదుట్లో ఉండె. ఇప్పుడు లేదమ్మా. ఒక మనిషి వచ్చి దగ్గరుండి తీసకపోతాడంట. ఆయప్ప ముందర నడుస్తాంటే మనం ఎనకాల పోయేదే."

నన్నీ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయప్పని చూసినావా?"

"చూడల్యా. ఫోన్లో మాట్లాడినా. హిందీలో మాట్లాడతాడు."

జబ్బు తలకు కూడా పాకిందని ఆమెకు అర్థమైంది. మర్నాటి షోర్వాలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

కంపెనీవాళ్ళ ఇంగ్లీషు కాగితాల్లో ఒకదానికి సాక్షి సంతకం కావాలి. గిడ్డయ్య ఆ ఒక్క పేజీ పట్టుకుని జయరాజ్ దగ్గరికి పోయాడు.

"ఇదేందన్నా?"

"ఏం లేదు. శవాన్ని యాడికి పంపల్లని అడిగినారు. పత్తికొండకే అని రాసినా. కింద నువ్వొక సంతకం పెట్టు."

జయరాజ్‌కు అక్షరాలు కనిపించలేదు. కన్నీళ్ళతోనే సంతకం పెట్టాడు. అది గీతలోంచి జారి కిందికి పోయింది.

ఈ వార్త ఏడు కిలోమీటర్ల దూరంలోని పల్లెకు చేరడానికి వారం పట్టింది. అక్కడ గిడ్డయ్య అన్న అయ్యన్న ఉంటాడు. అన్నదమ్ములకు మాటలు లేక తొమ్మిదేళ్ళు. ఆ ఏడు బోరులో నీళ్ళున్నా మోటారుకు కరెంటు కనెక్షన్ రాక, అయ్యన్న లైను మీదికి కొక్కెం వేసి టమోటా తోటకు నీళ్ళు పెట్టుకున్నాడు. పైనుంచి ఆర్డరు వచ్చింది. స్తంభమెక్కి ఆ కొక్కెం తీసింది గిడ్డయ్యే. తోట వారంలో ఎండిపోయింది. ఆ రోజు నుంచి ఒకరి చావుకు ఒకరు తప్ప రావద్దని ఇద్దరూ అనుకున్నారు. అందువల్ల అయ్యన్న మాట తప్పాడని కూడా అనడానికి లేదు.

అతను పొద్దున్నే తలమీద గంపతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏరా గిడ్డా."

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గొంతు విని గిడ్డయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు. "రా అన్నా, కూర్చో."

అయ్యన్న గంప దించాడు. నిండా టమోటాలు. "తీసుకో. ఎవురూ కొనల్యా" అన్నాడు. తర్వాత అరుగు అంచున కూర్చున్నాడు. "నువ్వు పోతాండావని తెల్సినంక నాకు ముద్ద దిగల్యారా. నాకంటే ఆరేండ్లు చిన్నోనివి. ముందు పోవల్సినోన్ని నేను."

"నువ్వు యాడ ఎక్కగల్తావన్నా? మోకాళ్ళ నొప్పులు గదా నీకు."

అయ్యన్న తలెత్తి తమ్ముడి వైపు వింతగా చూశాడు. "మనం ఎక్కేదేముందిరా? నలుగురు మోసకపోతారు గదా."

గిడ్డయ్యకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఏఈ కళ్ళద్దాలు, నన్నీ బీ షోర్వా, జయరాజ్ జారిన సంతకం వరుసగా కళ్ళముందు నిలిచాయి. ఊళ్ళో తనకు దొరికిన మర్యాద అంతా శవానికి దొరికేదని అర్థమైంది. నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఈలోగా అయ్యన్నే అందుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు కొక్కెం తీసినందుకు కాదురా నా కోపం. ఉద్యోగం నీది, తీస్తివి. నేను కింద నిలబడి గిడ్డా, గిడ్డా అని పిలుస్తాంటే, నువ్వు ఒక్కతూరి గూడా కిందికి చూడల్యా."

గిడ్డయ్య అన్న వైపు చూశాడు. "చూసింటే తీసేటోన్ని కాదన్నా."

అయ్యన్న తమ్ముడి ముంజేయి పట్టుకుని, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా ఏడ్చాడు. అలా ఏడుస్తున్న మనిషితో నాకేం జబ్బు లేదని ఎలా చెప్పేది? చెబితే ఆ చేయి వదిలేస్తాడు. తొమ్మిదేళ్ళకు దొరికిన చేయి. రేపు చెబుదామనుకున్నాడు గిడ్డయ్య.

రేపటికి అయ్యన్న దుప్పటి, చెంబు తెచ్చుకుని తమ్ముడి ఇంట్లోనే దిగాడు. సంగటి కెలికి పెట్టాడు. బిందె ఎత్తబోతే లాక్కున్నాడు. పదో తేదీకి ఆరు రోజులుంది. ఇసుక సంచి మంచం కిందే ఉండిపోయింది. రోజూ పొద్దున లేవగానే నిజం చెప్పాలనుకోవడం, అన్న ముఖం చూసి సంగటి తినడం, ఇదే గిడ్డయ్య పని అయింది. మూడో రోజు అయ్యన్న పంచె బిగించి లేచాడు.

"పదరా కర్నూలుకు. ఆ డాక్టరును నేనే అడగల్ల. నా తమ్మునికి తేదీ పెట్టేదానికి ఆయప్ప ఎవురు?"

తాను చెప్పలేనిది డాక్టరే చెబుతాడులే అని గిడ్డయ్య సరేనన్నాడు. పిరికివాళ్ళకు ఎప్పుడూ ఎవరో ఒక డాక్టరు కావాలి.

కరెంటు పోయి ఆసుపత్రి జనరేటరు మీద నడుస్తోంది, లిఫ్టు ఆపేశారు. డాక్టరు గది మూడో అంతస్తులో. తమ్ముడి నడుము చుట్టూ చేయి వేసి, "మెల్లగా రా, మెల్లగా" అంటూ అయ్యన్న మెట్లెక్కించాడు. మొదటి అంతస్తు దాటేసరికి ఆ చేయి బరువెక్కింది. రెండో అంతస్తులో అయ్యన్న గోడకు ఆనుకుని ఆగిపోయాడు. చొక్కా తడిసిపోయింది.

"ఏమైందన్నా?"

"ఏం కాల్యా. నీకు ఆయాసమొస్తాదని నిలబడినా."

ఎలాగో పైకి చేరారు. డాక్టరు గిడ్డయ్యను గుర్తుపట్టి నవ్వుతూ, "ఏం గిడ్డయ్యా, ఇంకా పైకి పోలేదా?" అన్నాడు.

అయ్యన్నకు ఒళ్ళు మండింది. "ఏం సారూ! ఇంత సదువుకోని, సచ్చేటోనితో అట్లనా మాట్లాడేది?"

"చచ్చేదెవరు? ఈయన హిమాలయాలు ఎక్కబోతున్నాడు. ఈ గుండెకు ఇంకో ముప్ఫై ఏళ్ళు ఢోకా లేదు."

అయ్యన్న మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు.

"ముప్పై ఏండ్లా?"

"అన్నా, నేను చెప్పల్లనే..."

"నీకేం జబ్బు లేదా?"

"లేదన్నా."

అయ్యన్న చేయి పైకి లేచింది. గిడ్డయ్య కళ్ళు మూసుకుని చెంప చూపించాడు. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఆ చేయి అయ్యన్న ఎడమ రొమ్ము మీద ఉంది. మనిషి కుర్చీ కోసం వెతుకుతున్నట్టు గాలిలో తడుముకుని, నేల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరు నవ్వడం మానేసి పరుగెత్తుకొచ్చాడు. ఈసీజీ తీశారు. గంటలోపే తలుపులు మూసి లోపల గుండె నాళంలో స్టెంటు వేశారు. "ఇదే గుండెపోటు మీ పల్లెలో వచ్చి ఉంటే ఏమీ చేయగలిగేది లేదు" అన్నాడు డాక్టరు బయటికి వచ్చి. చావబోయే తమ్ముడి కోసం వచ్చాడు కాబట్టే అయ్యన్న బతికాడు.

పదో తేదీ వచ్చింది. లేహ్‌లో జట్టు చేరిందని ఫోన్ మోగింది. గిడ్డయ్య వార్డు బయట బల్ల మీద ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, తాను రాలేనని వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆగస్టు చివరి జట్టులో చేర్చుకుంటామన్నారు. అతను తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రమే ఈరక్క వేంపల్లె నుంచి బస్సులు మారుతూ వచ్చి ఎదురుగా నిలబడింది. జుట్టు రేగిపోయి ఉంది.

"ఉండావా?" అంది.

"ఉండా."

"మనవడు పుట్టినాడు. నాలుగు దినాలాయె. నీతో మాట్లాడనంటి గదా, చెబుదామని ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఎవురో ఎత్తి, ఒదినా అని ఏడ్సి పెట్టేసె. పసిబిడ్డను ఇడిసిపెట్టి వస్తి. ఇంటికాడ నన్నీ బీ ఈ ఆస్పత్రి పేరు చెప్పె." ఆమె బల్ల మీద కూలబడింది. మొగుడి చొక్కా అంచు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అయ్యన్న నర్సుతో మాట్లాడాడు, పక్క మంచం రోగితో మాట్లాడాడు, సెలైను బాటిలుతో కూడా మాట్లాడాడు. తమ్ముడితో మాట్లాడలేదు. గిడ్డయ్య అన్నం కలిపి పెడితే గోడ వైపు చూస్తూ తిన్నాడు. ఇంటికి పంపించిన రోజు, బస్టాండుకు పోయే ఆటోలో మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఆ కొండ ఎంత ఎత్తు?"

"ఆరువేల మీటర్ల పైన ఉండాది. నేను పోనులే అన్నా."

"పోవల్ల. ఊరందరి ముందర నీకోసం ఏడ్సినా. ఇప్పుడు నువ్వు పోకుంటే, ఆ ఏడుపంతా వట్టిదైతాది."

ఆగస్టు చివర గిడ్డయ్య బయలుదేరాడు. ఈసారి వాకిట్లో ఎవరూ లేరు. బతికి ఉండి అందరినీ మోసం చేశాడని ఊరికి కోపం. ఏఈ అతన్ని ఎప్పుడో మళ్ళీ స్తంభాలు ఎక్కించాడు. నన్నీ బీ తన గిన్నె అడిగి తీసుకుపోయింది. జయరాజ్ ఒక్కడు బస్టాండు దాకా వచ్చాడు గానీ, అతను కూడా, "ఈతూరి నిజంగానే గదా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

కొండ మీద సంగతులు గిడ్డయ్య ఎవరికీ పెద్దగా చెప్పలేదు. మొదటి మూడు రోజులు తల పగిలిపోయింది. తిన్నది కడుపులో నిలవలేదు. బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని, నడుముకు తాడు బిగించుకుని, గైడు అడుగులో అడుగేస్తూ నడిచాడు. ఆరుగురిలో ఇద్దరు దారిలో వెనక్కి తిరిగారు. తెల్లారిన రెండు గంటలకు మిగిలినవాళ్ళు శిఖరం మీద నిలబడ్డారు. మబ్బు కమ్మేసింది. ఏ వైపూ ఏమీ కనిపించలేదు. గిడ్డయ్య కిందికి చూశాడు. తెల్లని మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా గైడు పిలిచేదాకా కిందికే చూస్తూ ఉన్నాడు. మంచు కళ్ళద్దాల లోపల నీళ్ళు గడ్డకట్టాయి. తన ఫోన్‌తో గైడునూ మిగిలిన ముగ్గురినీ ఒక ఫోటో తీశాడు. తనను తీయమని గైడు చేతికి ఫోన్ ఇచ్చేసరికి, ఆ చలికి అది చచ్చిపోయింది.

అయ్యన్న ఇప్పుడు సేద్యం చేయలేడు. భూమి కౌలుకిచ్చి, పగలంతా ఇంటి ముందు మంచం మీద కూర్చుంటాడు. ఆ ఫోటోను పెద్దది చేయించి గోడకు తగిలించుకున్నాడు. అందులో ముఖాలు కనిపించకుండా మూసుకున్న నలుగురు మనుషులు మంచులో నిలబడి ఉంటారు. వచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి, ఎర్రకోటు మనిషి మీద వేలు పెట్టి చూపిస్తాడు.

"ఈడే మా గిడ్డడు. ఎట్ల నిలబడినాడో చూడు. అచ్చం మా నాయన నిలబడినట్లే ఉండాది."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు గిడ్డయ్య ఏదో చెప్పబోయాడు. అన్న ముఖం చూసి టీ తాగాడు. ఆ ఎర్రకోటు మనిషి పూణె నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు.